టేపు చుట్టేముందు ఒక్కసారి చదువు

చిన్నా,

కారుకి ఇంజిన్ మారుస్తున్నావని, వైరింగ్ కూడా నువ్వే వేస్తానంటున్నావని నిన్న అమ్మ ఫోన్లో చెప్పింది. వింటుంటే గర్వంగానే అనిపించింది. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

బ్యాటరీ నెగటివ్ ముందే విప్పెయ్. పాత ఇంజిన్ దించకముందే ప్రతి కనెక్టర్‌కీ చీటీ కట్టి ఫొటో తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా ఫైర్‌వాల్ దగ్గరే, అదే ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు. బాడీ కదలదు, ఇంజిన్ కదులుతుంది. ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రబ్బరు మౌంట్ల మీద ఒక పక్కకి ఒరిగిపోతుంది. హార్నెస్, అంటే వైర్ల కట్ట, ఇంజిన్ మీంచి బాడీకి దాటే చోట ఆ ఒరుగుడుకి సరిపడా వదులు ఉండాలి.

నేను ఉంచలేదు. నా మొదటి ఇంజిన్ మార్పిడిలో హార్నెస్ జానెడు తక్కువైంది. అతుకు వెయ్యడానికి బద్ధకించి, దగ్గరి దారని ఫైర్‌వాల్‌కి కొత్త రంధ్రం కొట్టాను. రంధ్రం అంచుకి తొడిగే రబ్బరు రింగు, అదే గ్రొమెట్, చేతికి అందలేదు. రంధ్రం అంచుని ఆకురాయితో రుద్దనైనా లేదు, వైర్లకి నాలుగు చుట్లు టేపు చుట్టి బిగుతుగా లాగేశాను. అందులో ఒకటి బ్యాటరీ నుంచి నేరుగా తెచ్చింది, దానికి ఫ్యూజ్ లేదు. బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు.

తర్వాత ఒకరోజు ఎత్తు ఎక్కుతుంటే డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. తాళం తీసినా ఆగదే! వెనక సీట్లో మీ అమ్మ, ఒళ్లో నువ్వు. నీకు రెండేళ్లు. మిమ్మల్ని దింపి, బ్యాటరీ క్లాంపుని వట్టి చేతులతో మెలిపెట్టి పీకాను. రెండు గోళ్లు లేచిపోయాయి, ఆ నొప్పి ఇంటికొచ్చాక గానీ తెలియలేదు. మర్నాడు టేపు విప్పితే, రేకు అంచు టేపునీ తొడుగునీ కోసుకుంటూ లోపలికి దిగిపోయి ఉంది. మూడు వైర్లలో రాగి కొత్త బిందెలా తళతళలాడుతోంది. రెండు నెలలపాటు రోజూ కొంచెం కొంచెం అరిగిందన్నమాట.

నువ్వు గ్రొమెట్ లేకుండా రేకులోంచి వైరు దూర్చావని తెలిస్తే ఊరుకోను. పెద్దవాడివయ్యావని చూడను. ఫ్యూజ్ బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే ఫ్యూజ్‌కి ముందున్న వైరుకి ఏ రక్షణా ఉండదు.

ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కకి హార్నెస్‌ని పోనివ్వకు. మామూలు పీవీసీ తొడుగు 105 డిగ్రీలు దాటితే ఓర్చుకోదు, మానిఫోల్డ్ 500 దాటుతుంది. స్టీరింగ్ రాడ్ తిరిగే చోటు కూడా చూసుకో. ఇంజిన్ తిరుగుడుని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ వైరు, స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ వైర్లకి ఆనుకుని పోకూడదు, పోతే ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, తప్పుడు సిగ్నల్ అందుతుంది. ఇంజిన్ నుంచి బాడీకి లావుపాటి ఎర్త్ వైరు మర్చిపోకు. అది లేకపోతే స్టార్టర్ కరెంటు క్లచ్ కేబుల్ లాంటి వాటిలోంచి దారి వెతుక్కుని వాటిని కాల్చేస్తుంది. పొడవు చాలకపోతే క్రింప్ చెయ్యి, అంటే వైర్ల కొసల్ని లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కి కలుపు. సోల్డర్ చేస్తే అతుకు పక్కనే వైరు బిరుసెక్కి, అదురుకి అక్కడే తెగుతుంది.

అన్నీ పరిచాక కూడా టేపు చుట్టకు. జిప్ టైలు వదులుగా వేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఎవరినైనా ఆక్సిలరేటర్ తొక్కమని నువ్వు పక్కన నిలబడి చూడు. ఇంజిన్ ఒరిగినప్పుడు ఏ వైరూ లాగినట్టు బిగుసుకోకూడదు.

చిన్నప్పుడు నా స్పానర్ పెట్టెలో నట్లన్నీ సైజు ప్రకారం పేర్చి చూపించేవాడివి. నీకు ఓపిక ఉంది, నాకు ఆ వయసులో లేనిది అదే. తొందరపెట్టేవాళ్లు ఉంటే నా పేరు చెప్పు.

రంధ్రంలో గ్రొమెట్ కూర్చోబెట్టాక, టేపు చుట్టకముందే దగ్గరగా ఒక ఫొటో తీసి పంపు. రాత్రి ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య