బావిలో నీటి జాడ

ప్రశ్న: సముద్రం అడుగున అడ్డంగా తవ్విన చమురు బావిలో నీరు ఏ భాగం నుంచి చేరుతోందో పైనుంచే ఎలా తెలుసుకుంటారు?

జవాబు: నార్వే తీరానికి ఆవల సముద్రంలో ఉన్న ట్రోల్ చమురు క్షేత్రంలో చమురు పొర పలుచగా ఉండడంతో బావులను చాలా దూరం అడ్డంగా తవ్వి, ఇసుకను ఆపే జల్లెడ గొట్టాలు దించుతారు. ఇటువంటి బావుల్లో, రంధ్రాలున్న లోపలి గొట్టానికీ దానిపై చుట్టిన తీగ జల్లెడకూ మధ్యనున్న సన్నని సందులో, జాడ తెలిపే రసాయనం కలిపిన పాలిమర్ (ప్లాస్టిక్ వంటి పదార్థం) కడ్డీలను గొట్టం దించకముందే అమర్చవచ్చు. ఒక్కో భాగానికి ఒక్కో రసాయనం వాడతారు. నీరు తగిలితేనే రసాయనాన్ని వదిలే కడ్డీలు వేరు, చమురుకు స్పందించేవి వేరు. పైకి వచ్చిన నమూనాలో ఆ రసాయనం వందకోట్లలో కొన్ని వంతులే ఉన్నా ప్రయోగశాలలో గుర్తించగలరు; నీటికి స్పందించే ఏ రసాయనం కనిపిస్తే, దాన్ని అమర్చిన భాగం నుంచి నీరు చేరుతోందన్నమాట. కడ్డీ ప్రవాహానికి అడ్డుపడకుండా, బావి వేడికి ఏళ్ల తరబడి చెడకుండా చూడడమే ఇందులో అతి కష్టమైన పని అని నా అభిప్రాయం.