స్టూడియో పెడుతున్న అల్లుడికి

అల్లుడూ,

మేడ మీది గదిలో రికార్డింగ్ స్టూడియో పెడుతున్నావనీ, దానికోసం గాజులు బ్యాంకులో పెట్టాల్సి వచ్చిందనీ మీ అమ్మ చెప్పింది. తిరుపతిలో మన పిల్లోడి స్టూడియో అంటే సంతోషమే. గాజుల మాటకే నిద్ర పట్టలేదు.

గోడకు జార్జ్ మార్టిన్ బొమ్మ అంటించావంట, అదే, బీటిల్స్ బ్యాండు పాటల్ని రికార్డు చేయించిన ప్రొడ్యూసర్. మంచోణ్ణే ఎంచుకున్నావు. అయితే బీటిల్స్ ఆయన దగ్గరికొచ్చింది 1962లో. 1955లోనే పార్లోఫోన్ అనే రికార్డు కంపెనీకి పెద్దయి, అన్నేళ్ళూ కామెడీ రికార్డులు కూడా చేశాడు. టేపుతో ఆటలు అక్కడే చేతికొచ్చాయి. 1966లో బీటిల్స్ పాట ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్’కి శ్రుతీ వేగమూ కలవని రెండు టేకులు టేపు వేగం మార్చి అతికించగలిగాడంటే ఊరికే కాదు. నువ్వూ భజనలు, ప్రకటనలు, ఏదొస్తే అది చెయ్యి.

గోడలకు ఫోమ్ అంటిస్తే బయటి బస్సు హారన్ ఆగదు, తలుపు సందులు మూయి. యూపీఎస్ కొను. ప్రతి ఫైలూ రెండు డిస్కుల్లో పెట్టు.

ఇక లెవెల్, అంటే శబ్దం ఎంత పెద్దగా రికార్డవ్వాలన్నది. మీటరు ఎర్రగీత తాకితేనే రికార్డింగ్ అనుకునే పాడలవాటు టేపు కాలం నాటిది. టేపుకు హిస్సు, అంటే సన్నటి బుస, ఉంటుంది, దాన్ని కప్పడానికి లెవెల్ తోసేవాళ్ళు. కాస్త ఎక్కువైనా టేపు మెత్తగా నొక్కి ఊరుకునేది. కంప్యూటరు ఊరుకోదు. మీటరు మీద సున్నా దాటిందా, అలల తలలు నరికినట్టు చదునైపోతాయి. తర్వాత స్క్రీన్ మీద ఫేడర్ తగ్గిస్తే చప్పుడు తగ్గుతుందే గాని గరగర పోదు. తగ్గించాల్సింది ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) మీది గెయిన్, అంటే మైకు శబ్దాన్ని ఎంత పెంచి లోపలికి తీసుకోవాలో చెప్పే మీట. రికార్డింగ్ సెట్టింగు 24 బిట్ పెట్టుకుని, మీటరు మీద సగటు మైనస్ 18 డీబీ (డెసిబెల్), పెద్ద ఊపు మైనస్ 10 దగ్గర ఉంచు. తక్కువనిపించినా భయపడకు, తర్వాత పెంచుకోవచ్చు.

నాదస్వరం వచ్చినరోజు ఇంకా జాగ్రత్త. చూద్దాం వాయించండి అంటే విద్వాంసులు సగం ఊపిరే ఊదుతారు. డోలు తోడై వేడెక్కాక చూడు వాళ్ళ బలం! అందుకే చెక్ అయ్యాక గెయిన్ ఇంకో 6 డీబీ దించు. మైకు నాదస్వరం కింది వెడల్పాటి నోటికి ఎదురుగా పెట్టకు. శబ్దం రంధ్రాల్లోంచీ వస్తుంది గదా, మూడు నాలుగు అడుగుల దూరంలో కొంచెం పక్కగా నిలబెట్టు. ఇది వినకుండా పెట్టావో, చెవి మెలేస్తా.

గది తయారవగానే ఎవరూ లేనప్పుడు పది సెకన్లు రికార్డు చేసి పంపు, ఏసీ ఎంత మోగుతోందో వింటాను. గాజులు విడిపించే తేదీ కూడా అందులోనే రాయి, నాకు తోచింది నేను సర్దుతా. మీ అమ్మకు చెప్పకు.

మీ మామ