ఇల్లెందుకు వదిలారని అడగొద్దు

ప్రశ్న: మా ఊళ్లో ఇల్లు లేనివాళ్ల కోసం నడిపే మునిసిపల్ షెల్టర్‌లో అరవై దాటినవాళ్లు పదిమంది దాకా ఉంటారు. వారానికోసారి అందరినీ కూర్చోబెట్టి వాళ్ల కథలు చెప్పిద్దామనుకున్నాం. ఒకాయన నోరు విప్పలేదు. ఒకావిడ ఏడుస్తూ లేచి వెళ్లిపోయింది. ఎక్కడ తేడా కొట్టింది?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: ఏం అడిగారో మీరు రాయలేదు. చాలామంది మొదట అడిగేది మాత్రం ‘ఇల్లెందుకు వదిలేశారమ్మా’ అనే. రిజిస్టరు రాసేవాళ్లు, పోలీసులు, దుప్పట్లు పంచేవాళ్లు అదే అడిగి ఉంటారు. దానికి వాళ్ల దగ్గర అప్పజెప్పే జవాబైనా ఉంటుంది, ఏడుపైనా ఉంటుంది.

పనితో మొదలుపెట్టండి. మొదటి కూలి ఎంత? పని ఎవరు నేర్పారు? మగ్గం నేసినవాళ్లకి ఓ నాడె, తాపీపని చేసినవాళ్లకి ఓ తాపీ చేతికివ్వండి, మాట అదే వస్తుంది. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల దాకా జరిగినవి ముసలితనంలోనూ బాగా గుర్తుంటాయి. సంవత్సరాలు తారుమారైతే సరిదిద్దకండి.

పదిమంది ఎక్కువ. నలుగురైదుగురు, అరగంట, పొద్దున టీ తర్వాత చాలు. రాత్రి పెట్టుకుంటే కదిలిన బాధతోనే పడుకుంటారు, నిద్ర పట్టదు. చెవుడున్నవాళ్లకి బాగా వినపడే చెవి వైపు కూర్చోండి. ‘నోరు విప్పని’ వాళ్లలో కొందరికి అసలు ప్రశ్నే వినపడదు. చివరి ఐదు నిమిషాలు ఇవాళ్టి సంగతులకి రండి: కాళ్ల నొప్పులు, మందులు, రేపటి పని.

1963లో అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ ముసలివాళ్లు గతాన్ని తవ్వుకోవడం చాదస్తం కాదని రాశాడు. అది కొందరిని కుంగదీస్తుందనీ అందులోనే హెచ్చరించాడు. కాబట్టి ఏడ్చినావిడను మళ్లీ పిలవకండి, పక్కన ఊరికే కూర్చోండి. తిండి మానేసినా, చావు మాటలు మాట్లాడినా కథలు ఆపి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి.

దుప్పటికీ భోజనానికీ కథతో ముడిపెట్టొద్దు. రికార్డు చేసే ప్రతిసారీ అడగండి. ముఖం, ఊరి పేరు బయటికి రానివ్వకండి, ఎవరి నుంచి తప్పించుకుని వచ్చారో మనకు తెలియదు. దాతల కోసం ఫొటోలా? వద్దు. రాసింది చదివి వినిపించి, వాళ్లు కొట్టేయమన్నది కొట్టేయండి.

కథలో దొరికిన ఊరు, చదివిన బడి పింఛను కాగితాలకి పనికొస్తాయి. ఆ పని మాత్రం ఇంకోరోజు, వాళ్లు సరేనంటేనే. పెద్దవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 వాళ్లు దారి చెబుతారు.