బ్యాండికూట్ అంటే మన పందికొక్కే

బ్యాండికూట్ అనే ఇంగ్లిష్ మాటలో సిలబుల్స్ ఎన్ని, ఎక్కడ నొక్కి పలకాలి, ఏ భాష నుంచి వచ్చింది అని అడిగారు. చివరి ప్రశ్నకి జవాబు మొదట చెప్తాను. తెలుగు నుంచే! మన పందికొక్కే అది. ఏ పెద్ద ఇంగ్లిష్ డిక్షనరీ తెరిచినా ఆ మాట దగ్గర తెలుగు పేరు కనిపిస్తుంది.

నాకిది చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పుడు వైజాగ్‌లో జగదాంబ దగ్గర ఒక గేమ్ పార్లర్‌లో క్రాష్ బ్యాండికూట్ రేసుల గేమ్ ఆడేవాణ్ణి. సీడీ మీద పేరుని 'బండికూట్' అని చదివి, బండ్ల రేసు కదా, బండి అంటే మన బండే అనుకున్నాను. ఇంటికొస్తే నాన్న, పూర్ణామార్కెట్ కొట్లో పందికొక్కులు బియ్యం బస్తాలు కొరికేశాయని గొణుగుతూ ఉండేవారు. రెండూ ఒకటే మాటని కాలేజీలో డిక్షనరీ తిరగేస్తుంటే కనబడింది.

సిలబుల్స్ మూడు: బ్యాన్-డి-కూట్. చివరి 'ట్'ని నాలుగోదిగా లెక్కపెట్టకండి. స్కూల్లో నేర్చుకున్న ఛందస్సు ఇక్కడ పనికొస్తుంది. పొల్లు ముందు అక్షరంతో కలిసిపోతుంది కాబట్టి గురువు, లఘువు, గురువు. అంటే రగణం. పందికొక్కు అయితే రెండు హగణాలు, అంటే గురువు, లఘువు రెండుసార్లు. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి మొదటి 'ప' 'బ్యా' అయి, 'కొ' 'కూ' అయి, చివరి ఉకారం ఊడిపోయి, 'క్' కాస్తా 'ట్' అయింది.

అయితే నొక్కు సంగతి ఛందస్సు చెప్పదు. 'కూ' దీర్ఘం కనబడగానే మనం అక్కడే సాగదీస్తాం. ఇంగ్లిష్‌లో బలమంతా మొదటి 'బ్యాన్' మీదే. ఆ అచ్చులో యకారం లేదు. మావైపు 'వచ్చేడు' అంటే 'చే' దగ్గర నోరు వెడల్పుగా తెరుచుకుంటుంది చూడండి, దాన్నే పొట్టిగా పలకండి. 'డి'కి నాలుకని మన డకారంలా మడవక్కర్లేదు.

కొక్కు అంటే ఎలుక. పందికొక్కు అంటే పంది ఎలుక అన్నమాట. అది పందిలా గురగురమంటుంది కూడా. తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు ఆస్ట్రేలియాలో పొట్టకి సంచి ఉండే, పొడుగు మూతి జంతువుకీ ఇదే పేరు పెట్టేశారు. దానికీ ఎలుకకీ చుట్టరికం లేదు. గేమ్‌లో హీరో ఆ ఆస్ట్రేలియా జంతువే.

ఇదంతా నాన్నకి చెప్తే, "పేరు పట్టుకుపోయినవాళ్లు వాటిని కూడా పట్టుకుపోవాల్సింది" అన్నారు.