స్విచ్ ఓలెడ్ కొనాలా, స్టీమ్ డెక్ ఓలెడ్ కొనాలా?

చేతిలో పట్టుకుని ఆడే ఈ రెండు గేమింగ్ పరికరాల్లో ఏది కొనాలని అడిగారు. మీ స్టీమ్ (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) ఖాతాలో ఇప్పటికే 40 గేములు ఉన్నాయని రాశారు కదండీ, అక్కడే సగం తేలిపోయింది. డెక్‌లో వాటిలో చాలావరకు మళ్లీ కొనకుండానే ఆడుకోవచ్చు. స్విచ్‌లో అయితే ప్రతిదీ కొత్తగా కొనాలి, స్విచ్ తయారుచేసే నింటెండో కంపెనీ గేముల ధరలు అంత తేలిగ్గా తగ్గవు కూడా.

కాకపోతే డెక్ బరువు 640 గ్రాములు, స్విచ్ సుమారు 420. పడుకుని ఆడితే చేతులు లాగుతాయి (ముఖం మీద పడితే ఇంకా బాధ!). పెద్ద గేములు పెడితే డెక్ బ్యాటరీ మూడు గంటల్లోనే అయిపోవచ్చు. ఇంకోటి, డెక్ విండోస్ మీద కాకుండా లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది కాబట్టి ఫోర్ట్‌నైట్, వాలరెంట్ నేరుగా ఆడలేరు.

మీ అబ్బాయి నింటెండో వాళ్ల మారియో, జెల్డా గేములే కావాలని పట్టుబడితే మాత్రం స్విచ్చే. లేదంటే నా ఓటు డెక్‌కే.