షెడ్ అక్వేరియంలో అన్నీ చూడాలని పరుగెత్తకండి

అమ్మానాన్నలతో, ఐదేళ్ల పాపతో చికాగో వస్తున్నామని, షెడ్ అక్వేరియంకు సగం రోజు కేటాయించవచ్చా, ఆ సమయంలో అంతా చూడగలమా అని అడిగారు. సగం రోజు తప్పకుండా కేటాయించండి. అంతా చూడాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. నేను చాలా ఏళ్లుగా చికాగో శివార్లలో ఉంటున్నాను. ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ అక్కడికి తీసుకెళ్తుంటాను. ప్రతి తొట్టినీ ఒక్క చూపు చూసి పరుగెత్తినవాళ్లకు బయటికి వచ్చాక ఏదీ గుర్తుండదు. మూడు నాలుగు తొట్ల దగ్గరే నింపాదిగా నిలబడినవాళ్లు ఇప్పటికీ ఫోనులో వాటి గురించే మాట్లాడుతారు.

దీనికి మా నాన్నగారే ఉదాహరణ. అప్పట్లో అక్కడ గ్రాండ్‌డాడ్ అని పిలిచే ఆస్ట్రేలియా లంగ్‌ఫిష్ అనే చేప ఉండేది. 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా సిడ్నీ నుంచి తెచ్చారు. అడుగున కదలక మెదలక పడి ఉండేది కాబట్టి చాలామంది దాన్ని కనీసం గమనించకుండానే వెళ్లిపోయేవారు. దానికి మొప్పలతో పాటు ఒక ఊపిరితిత్తి కూడా ఉంటుందని, అవసరమైనప్పుడు పైకి వచ్చి గాలి పీల్చుకుంటుందని నాన్నగారికి చెప్పాను. అంతే, అది చూస్తే గానీ కదలనన్నారు. మేము మరో గది చుట్టి వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నారు, ముఖం వెలిగిపోతోంది. ఆ చేప 2017లో చనిపోయిందని వార్త చదివినప్పుడు ఆయనకు వెంటనే ఫోను చేశాను. తనకంటే వయసులో పెద్ద చేపను చూశానని ఊరంతా చెప్పుకున్నారు.

ఆయన అడిగిన మరో ప్రశ్న మీ నాన్నగారూ అడగవచ్చు: పక్కనున్న మిషిగన్ సరస్సులోది మంచినీరు కదా, ఈ సముద్రపు చేపలకు ఉప్పునీళ్లు ఎక్కడివి? 1930లో ఈ అక్వేరియం మొదలైనప్పుడు ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న కీ వెస్ట్ నుంచి రైల్లో తెచ్చారు. 20 ట్యాంకు వ్యాగన్లు 8 సార్లు వెళ్లి వచ్చి సుమారు 10 లక్షల గ్యాలన్ల సముద్రపు నీటిని మోశాయి. లీటర్లలో చెప్పాలంటే దాదాపు 38 లక్షలు. ఇప్పుడు మంచినీటిలోనే లవణాలు తగిన పాళ్లలో కలిపి తయారు చేసుకుంటున్నారు. ఈ అక్వేరియం కట్టడానికి డబ్బిచ్చిన వ్యాపారి జాన్ షెడ్ 1926లోనే చనిపోయారు, పూర్తయిన భవనాన్ని చూడనే లేదు. అంత దూరం నుంచి సముద్రాన్ని మోసుకొచ్చిన పట్టుదల నాకు ఆ చేపలంత అద్భుతంగానే అనిపిస్తుంది.

ఇక మీరు ఎటు వెళ్లాలో చెబుతాను. లోపలికి రాగానే అందరూ మధ్య మందిరంలోనే ఆగిపోతారు. మీరు నేరుగా ఓషనేరియంకు వెళ్లండి. 1991లో సరస్సు వైపు కట్టిన భాగం అది. పెద్ద గాజు గోడల అవతల సరస్సు, ఇవతల బెలూగా తిమింగలాలు, డాల్ఫిన్లు. నీటి చుట్టూ మెట్లలా కూర్చునే చోటు ఉంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అంతకంటే ఏం కావాలి? తర్వాత కింది అంతస్తుకు దిగితే అవే జంతువులు నీటిలోపల ఈదుతూ కనిపిస్తాయి. బెలూగా తల తిప్పడాన్ని పాపకు చూపించండి. దాని మెడ ఎముకలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉండవు, అందుకే మనలా పక్కకు తిరిగి చూడగలదు. గాజు దగ్గరికి వచ్చి పిల్లల వైపు అలా తిరిగిందంటే పిల్లలు అక్కడినుంచి రారు. ఇంత పెద్ద ప్రాణిని తొట్టిలో ఉంచడం న్యాయమా అని నాకు ప్రతిసారీ మనసులో మెదులుతుంది. పాప అడిగితే మాట దాటవేయకండి.

ఆ పక్కనే సీ ఆటర్లు, అంటే సముద్రపు నీటికుక్కలు. అవి ఒళ్లు రుద్దుకుంటూనే ఉంటాయి, ఆట అనుకుంటాం. కానీ వాటికి తిమింగలాల్లా చర్మం కింద కొవ్వు పొర ఉండదు. చలిని ఆపేది దట్టమైన బొచ్చులో చిక్కుకున్న గాలే. బొచ్చు శుభ్రంగా లేకపోతే చన్నీళ్లలో బతకలేవు. ఈ ఒక్క సంగతి తెలిసి చూస్తే వాటి ప్రతి కదలికకూ అర్థం కనిపిస్తుంది.

ఆ తర్వాత వైల్డ్ రీఫ్. 2003లో తెరిచిన ఈ విభాగం భూగర్భంలో ఉంది, ఫిలిప్పీన్స్ పగడపు దిబ్బల నమూనాలో కట్టారు. వంపు తిరిగిన పెద్ద గోడ అవతల సొరచేపలు తలల మీదుగా వెళ్తున్నట్టే ఉంటుంది. కాస్త చీకటిగా ఉంటుంది కాబట్టి పాప చేయి పట్టుకోండి. సొరచేపలను చూస్తూ పగడాల తొట్లను వదిలేస్తారు చాలామంది. నాకైతే అవే ఎక్కువ ఇష్టం. మనం రాయి అనుకునేది ప్రాణమున్న జీవుల గుంపు.

అమెజాన్ విభాగం, మధ్య మందిరంలోని కొత్త తొట్లు ఓపిక ఉంటేనే చూడండి.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనడం మంచిది, వాటి మీద ప్రవేశ సమయం కూడా ఉంటుంది. వీలైతే వారాంతం కాకుండా ఉదయం మొదటి సమయం తీసుకోండి. ఫోటోలకు ఫ్లాష్ వద్దు, గాజు మీద తట్టవద్దని పాపకు ముందే చెప్పండి. పక్కనే ఫీల్డ్ మ్యూజియం ఉంది కదా, అదీ అదే రోజు పూర్తి చేద్దామని అనిపిస్తుంది. అక్కడి డైనోసార్ అస్థిపంజరం చూడాలని పాప పట్టుబడితే తప్ప, దాన్ని మరో రోజుకు ఉంచుకోండి.