తుప్పు పట్టిన ట్రాక్టర్ రిమ్ముకు అతుకు వేయించవచ్చునా?

ప్రశ్న: మా పాత ట్రాక్టర్ వెనుక చక్రపు రిమ్ము వాల్వు రంధ్రం చుట్టూ తుప్పు పట్టి, పొరలుగా ఊడుతున్నది. పట్టు కోసం టైర్లలో నీళ్లు నింపిస్తుంటాము. అతుకు వేయిస్తే సరిపోతుందా? – ఒక రైతు, భీమునిపట్నం, విశాఖపట్నం జిల్లా

జవాబు: ట్యూబు వాల్వు దగ్గర కారే నీరు టైరుకూ రిమ్ముకూ మధ్య ఆరకుండా నిలిచిపోవడం వల్ల తుప్పు సాధారణంగా అక్కడే మొదలవుతుంది, మీది సముద్రతీరం కనుక ఉప్పు గాలి దానిని మరింత త్వరపెడుతుంది. నీటిని తీసివేసి, టైరును పూర్తిగా విప్పించి, వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దించిన తరువాత చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పలుచబడిన చోట మొద్దు శబ్దం వచ్చి రేకు లోపలికి నొక్కుకుపోతుంది. చెడినది రంధ్రం చుట్టూ మాత్రమే అయితే, ఆ భాగాన్ని కోయించి అదే మందం గల ఇనుప ముక్కను వెల్డింగ్ చేయించి, లోపలి వైపు నునుపుగా గ్రైండింగ్ చేయించాలి, లేకపోతే ట్యూబు కోసుకుపోతుంది. టైరు అంచు కూర్చునే చోటు పలుచబడితే మాత్రం అతుకును నమ్మకండి, రిమ్మునే మార్చండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: టైరు రిమ్ముపై ఉండగా, గాలి తీసినా సరే, వెల్డింగ్ చేయనివ్వకండి. వేడికి లోపలి రబ్బరు నుంచి వెలువడే వాయువులు అంటుకుని టైరు పేలితే ప్రాణాలు పోతాయి.

చివరగా జింకు ప్రైమరు, దానిపై ఎనామెల్ రంగు రెండు పూతలు వేయించి, పూర్తిగా ఆరిన తరువాతే కొత్త ట్యూబుతో టైరు ఎక్కించండి.